మొదటి టేకు

ఆయన పోయిన రోజు పొద్దున నాకు వచ్చిన ఫోన్లలో సగం ఆయన బతికే ఉన్నారని చెప్పడానికి వచ్చినవి. "మీరేం కంగారు పడకండి రైటరు గారూ, మళ్ళీ ఎవడో పుకారు లేపాడు. ఇదిగో వీడియో పంపాను చూడండి, శుభ్రంగా గోల్ఫ్ ఆడుకుంటున్నారు" అని ఒకరి తరవాత ఒకరు. వాళ్ళు పంపిన వీడియో నేను తీసిందే. అప్పటికి నేను ఆయన ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాను. లోపలికి ఫ్రీజర్ బాక్సు మోసుకెళుతున్నారు. "కాదండీ, ఈసారి నిజమే" అని ఒకరికి చెప్పి పెట్టేసేలోపు ఇంకొకరు. కాసేపటికి చెప్పే ఓపిక పోయి, ఫోను పక్కన కూర్చున్నవాళ్ళ చేతిలో పెట్టేశాను.

నిన్న ఆ వీడియో మళ్ళీ వచ్చింది. మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఎవరో పెట్టారు, 'ఈ వయసులో కూడా ఎంత హుషారో' అని. ఆయన పోయి నెల దాటింది. గ్రూపులో ఏమీ రాయబుద్ధి కాక, ఇక్కడ రాస్తున్నాను.

పేరు చెప్పను. చెప్పినా మీకు తెలియదు. మొహం చూస్తే మాత్రం "ఈయనా!" అంటారు. తెలుగు సినిమాల్లో ఇంటర్వెల్‌కి ముందు చచ్చిపోయే మంచాయన ఒకడుంటాడు చూడండి, ఆయన. హీరో తండ్రి, హీరోయిన్ తాత, లంచం ముట్టని హెడ్మాస్టరు, విలన్‌కి ఎదురు తిరిగిన ఊరి పెద్ద. ఏ వేషం వేసినా సెకండాఫ్‌కి గోడ మీద ఫోటో అయ్యేవారు. "నాకు సెకండాఫ్ కాల్షీట్లు ఉండవు రైటరు గారూ, హాయిగా భోంచేసి పడుకుంటాను" అనేవారు. ఆ మాట నవ్వుతూనే అనేవారు గానీ, అన్నాక కాసేపు కిటికీలోంచి బయటికి చూసేవారు.

నేను సినిమాలకి డైలాగులు రాస్తాను. ఒక్కోసారి నా పేరు వేస్తారు, ఒక్కోసారి మర్చిపోతారు. నాకూ గోల్ఫ్‌కీ ఏం సంబంధమని మీరు అడగొచ్చు. మా వాళ్ళకి ఈ మధ్య కథా చర్చలు హోటల్ గదుల్లో అరగడం లేదు. ఫిల్మ్ నగర్ నుంచి షేక్‌పేట మీదుగా పోతే గోల్కొండ కోట. ఆ కోట గోడల లోపలే గోల్ఫ్ మైదానం. ఒక పక్క కూలిన బురుజులు, ఒక పక్క కందకం, మధ్యలో నున్నగా కత్తిరించిన గడ్డి, దాని మీద ఎవరినీ లెక్కచెయ్యని నెమళ్ళు. సుల్తానులు ఫిరంగులు పేల్చిన చోట మా నిర్మాతలు టోపీలు పెట్టుకుని తెల్లబంతిని కొడుతుంటారు. డబ్బు పెట్టే ఆయన ముందు నడుస్తుంటే, కథ చెప్పేవాడు వెనకాల ఆయాసపడుతూ కథ చెప్పుకోవాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు, నిర్మాత కర్ర ఎత్తి గురి చూస్తున్న సమయంలో నేను హీరో ఎంట్రీ చెప్పాను. బంతి కందకంలో పడింది. నిర్మాత నా వైపు చూసిన చూపుకి ఆ కథ అక్కడే ఆగిపోయింది. పక్కన ఆడుతున్న పెద్దాయన ఒకరు మెల్లగా వచ్చి, నా చెవిలో చెప్పారు. "బాబూ, కొట్టేముందు కథ చెప్పకూడదు. కొట్టాక, అది బాగా పడితేనే చెప్పాలి. బాగా పడకపోతే 'ఇవాళ గాలి ఎక్కువగా ఉందండీ' అనాలి, అంతే." నేను ఆ మొహాన్ని గుర్తుపట్టాను. ఆ ముందు నెలే నేను రాసిన ఒక సీనులో ఆయన లారీ కింద పడి చనిపోయారు. అదే చెప్పాను. "ఓహో, మీరేనా నన్ను చంపింది" అని చెయ్యి కలిపారు.

అప్పటినుంచి నాకు ఆయన బాబాయ్ గారు. ఆదివారం పొద్దున్నే మా సందు మొదట్లో పాత కారు ఆపి హారను కొట్టేవారు. ఇస్త్రీ చేసిన తెల్లప్యాంటు, తెల్లబూట్లు, జుట్టుకి తాజాగా రంగు. మైదానం గేటు కనబడగానే అద్దం కిందికి వంచుకుని మొహానికి పలచగా పౌడరు అద్దుకునేవారు. పొద్దున్నే బంతి కొట్టడానికి పౌడరెందుకు బాబాయ్ గారూ అంటే, "షూటింగే కదా" అనేవారు. అది హాస్యం అనుకున్నాను చాలా రోజులు.

ఆయన ఆట చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. బంతి దూరం పోదు. స్కోరు రాసుకునేవారు కాదు. ఎవరు గెలిచారో అడిగేవారు కాదు. అడిగేది ఒక్కటే. "ముందు బ్యాచ్‌లో ఎవరున్నారు? వెనక ఎవరు వస్తున్నారు?" అది చెప్పాల్సింది యాదగిరి. ఆయన సంచీ మోసే క్యాడీ, షేక్‌పేట మనిషి, మనవలున్నవాడు. "ముంగట ఆ పెద్ద ప్రొడ్యూసర్ సారు ఉన్నడు. ఎనక డైరెక్టర్లు ముగ్గురు వస్తున్రు" అనేవాడు. అది వినగానే ఆయన నడుం నిటారు అయ్యేది. ఆటగాళ్ళని తిప్పే బ్యాటరీ బగ్గీలు ఎన్ని ఖాళీగా ఉన్నా ఎక్కేవారు కాదు. మొత్తం నడిచేవారు. ఎవరైనా బగ్గీలో పక్కనుంచి పోతూ "రండి సార్, ఎక్కండి" అంటే, చెయ్యి ఊపి, "కుర్రాళ్ళు మీరు వెళ్ళండి, నాకు నడవకపోతే తోచదు" అని గట్టిగా నవ్వేవారు.

మైదానంలో ఒకచోట దారి పాత కోట గోడ వెనక్కి మలుపు తిరుగుతుంది. అక్కడ కాసేపు ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ మనం కనబడం. ఒక ఆదివారం ఆ మలుపు తిరగగానే ఆయన గోడకి చెయ్యి ఆన్చి ఆగిపోయారు. మొహం చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. కింద ఒక పాత రాయి ఉంది, దాని మీద కూలబడి ఎడమకాలు బారజాపారు. ప్యాంటు కాలు పైకి లాగితే మోకాలికి పట్టీ, దాని కింద వాపు. నేను కంగారుగా పక్కన వంగాను. యాదగిరి మాత్రం ఇదంతా రోజూ చూసేదే అన్నట్టు సంచీలోంచి నీళ్ళ సీసా తీసిచ్చి, మలుపు దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. బగ్గీ చప్పుడు వినబడితే అతను దగ్గాలి. అది వాళ్ళిద్దరి ఏర్పాటు.

"ఇంత నొప్పితో ఈ ఆటెందుకు బాబాయ్ గారూ, ఇంట్లో కూర్చోవచ్చు కదా" అన్నాను.

"ఆటా? నాకు ఈ ఆట ఇష్టమని ఎవరు చెప్పారు మీకు?" అన్నారు. "ఈ ఊళ్ళో ఆర్టిస్టుకి జబ్బు చెయ్యొచ్చు. చేసినట్టు తెలియకూడదు. మా బ్యాచ్‌లో ఒకడు మోకాలి ఆపరేషన్‌కి వెళ్ళి, హాస్పిటల్ లిఫ్ట్‌లో ఒక ప్రొడక్షన్ మేనేజరుకి కనబడ్డాడు. అంతే. 'పాపం ఆయన లేవలేకపోతున్నాడట' అని ఊరంతా పాకింది. లేచాడండీ, బాగానే లేచాడు. ఫోనే మోగలేదు. వేషాలిచ్చే వాళ్ళందరూ ఆదివారం ఇక్కడే ఉంటారు. వాళ్ళ కళ్ళముందు నేను నడుస్తూ కనబడాలి. బంతి ఎటు పోయినా పరవాలేదు, నేను తిన్నగా పోవాలి."

గోడవతల యాదగిరి దగ్గాడు. ఆయన చటుక్కున లేచి, ప్యాంటు దులుపుకుని, కర్ర భుజాన వేసుకుని మలుపు తిరిగారు. అవతల బగ్గీలో వాళ్ళకి ఆయన నవ్వు వినబడింది. నేను ఆ రాతి దగ్గరే ఇంకాసేపు ఉండిపోయాను. నాకు చాలా అలసటగా అనిపించింది, ఆయన తరఫున కొంత, నా తరఫున కొంత.

ఇక్కడ మా వాళ్ళ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. సినిమాలో ఎవరైనా చనిపోయే షాట్ తీస్తే, డైరెక్టరు ఓకే అన్నాక కూడా కెమెరా కదపకూడదు. చచ్చిపోయిన ఆర్టిస్టు లేచి కూర్చుని, కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు కూడా తీయాలి. అప్పుడు గుమ్మడికాయ దిష్టి తీసి, లైట్లు ఆర్పుతారు. ఆ నవ్వు సినిమాలో రాదు, ఎడిటింగ్‌లో పోతుంది. అయినా తీయాలి. ఎంత చదువుకున్న డైరెక్టరయినా దీని జోలికి పోడు.

ఆయనకి ఇందులో పట్టుదల ఎక్కువ. ఒక సినిమాలో ఆయన్ని పాడె మీద పడుకోబెట్టి తీశారు. కొత్త కుర్రాళ్ళు, హడావిడిగా ప్యాకప్ చెప్పేసి టిఫిన్లకి పోయారు. ఆయన లేవలేదు. అసిస్టెంటు డైరెక్టరు వచ్చి "సార్, అయిపోయింది, లేవండి" అన్నాడు. కళ్ళు మూసుకునే, "నవ్వు తీశారా?" అన్నారు. "కెమెరా దించేశాం సార్." "అయితే ఎక్కించండి. నేను ఇలాగే ఉంటాను." కెమెరా తిరిగి ఎక్కించేదాకా ముక్కులో దూదితో పాడె మీదే ఉన్నారు. తరవాత లేచి నవ్వారు. సెట్లో వాళ్ళందరూ దాన్ని జోకులా చెప్పుకునేవారు. ఆయన మాత్రం నాతో, "ఇన్నిసార్లు చచ్చినవాడికి ఆ ఒక్కటే ధైర్యమండీ" అన్నారు.

ఇక ఆ వీడియో సంగతి. ఆరోజు కందకం దగ్గర ఉన్నాం. యాదగిరి ఫోను మోగింది. అతని బావమరిది. విని, నోరు తెరుచుకుని మావైపు చూశాడు.

"సారూ, మీరు పోయిన్రంట."

"ఎక్కడికి?"

"గట్ల కాదు సారూ. సచ్చిపోయిన్రంట. యూట్యూబ్‌ల వచ్చిందంట. ఇయ్యాల నాకు డ్యూటీ ఉందా లేదా అని మా బామ్మర్ది అడుగుతుండు."

నా ఫోను తీసి చూశాను. నిజమే. ఏదో ఛానెల్లో ఆయన ఫోటో, దండతో సహా. పాత సినిమాలో గోడకి తగిలించిన ఫోటోనే కత్తిరించి పెట్టారు. దండ కోసం శ్రమపడాల్సిన అవసరం కూడా వాళ్ళకి రాలేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఈ సినిమా ఆడలేదు" అన్నారు. తరవాత ఇంటికి ఫోను చేశారు. "నేనే. బానే ఉన్నాను" అన్నారు.  అటునుంచి పిన్నిగారు "టిఫిను టైముకి వచ్చెయ్యండి" అనడం నాకు వినబడింది.

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు.  "ఈపాటికి మేనేజర్లు నా పేరు కొట్టేసి ఉంటారు. నేను ఉన్నానని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకుంటే అది ఇంకా నామోషీ" అన్నారు. కాసేపు ఆలోచించి, కోట గోడ వైపు చూపించారు. "చావు షాట్ వాళ్ళు తీసేశారు కదా. నవ్వు మనం తీద్దాం. నేను అక్కణ్ణుంచి నడుచుకుంటూ వస్తాను. నవ్వొక్కటీ కాదు, నడక కూడా పడాలి."

ఫోను పట్టుకుని నిలబడ్డాను. బురుజు కిందనుంచి బయల్దేరారు. సగం దూరం బాగానే వచ్చారు. గడ్డి పల్లమైన చోట మోకాలు లొంగింది. గోడకి చెయ్యి వేశారు. కుంటుకుంటూ నా ముందుకి వచ్చి, కెమెరాలోకి చూసి నవ్వారు. ఆ నవ్వులో నొప్పి ఇంకా ఉంది. "కుంటానా?" అని అడిగారు. నేను రికార్డింగ్ ఆపేశాను.

"జర కుంటిన్రు సారూ" అన్నాడు యాదగిరి.

"అయితే ఇంకోటి."

రెండో టేకులో నెమలి అరిచింది. మూడోసారికి ముందు వెళ్ళి గోడ చాటున కూర్చుని, పట్టీ బిగించుకుని వచ్చారు. ఈసారి నడక తిన్నగా ఉంది, కర్ర చేతిలో గిరగిరా తిప్పారు కూడా. "ఇంకా ఉన్నానండోయ్" అని నవ్వారు. "ఇది పంపండి. మొదటిది తుడిచెయ్యండి" అన్నారు. సరే అన్నాను. తుడవలేదు. కావాలని కాదు, నాకు ఫోన్లో ఏదీ తుడిచే అలవాటు లేదు.

ఆ మూడో టేకు ఊరంతా తిరిగింది. అది చూసి ఒక కుర్ర డైరెక్టరు ఫోన్ చేశాడు. తాత వేషం. పెద్ద సినిమా. డైలాగులు నావే. తాత మొదటి సీను నుంచి చివరి సీను దాకా ఉంటాడు. ఆఖర్న పెళ్ళిలో కుటుంబమంతా ఫోటోకి నిలబడతారు, మధ్యలో తాత. ఆ కబురు చెప్పడానికి ఆయన ఆదివారం దాకా ఆగలేక మా ఫ్లాటుకి వచ్చేశారు. లిఫ్టు పనిచెయ్యకపోతే ఆ మోకాలితోనే మెట్లన్నీ ఎక్కారు. "ఇందులో నేను చావను రైటరు గారూ" అన్నారు, రొప్పుతూ.

ఆ తరవాత ప్రతి ఆదివారం కారు ఎక్కగానే ఒకటే ప్రశ్న. కథ మారుతూ ఉంటుందని, మారితే మొదట పోయేది తనేనని ఆయనకి తెలుసు.

"నేనింకా ఉన్నానా?"

"ఉన్నారు బాబాయ్ గారూ."

"చివరిదాకా?"

"ఫోటో దాకా ఉన్నారు."

"దండ లేకుండా?"

"దండ లేకుండానే."

అప్పుడుగానీ గేరు వేసేవారు కాదు. ఫస్టాఫ్ సీన్లన్నీ చేసేశారు, చాలా బాగా చేశారు. సెకండాఫ్ సీన్లు మాత్రం, పెళ్ళితో సహా, హీరో డేట్లు దొరక్క వాయిదా పడుతూ వచ్చాయి. ఆయన ఎండల్లో కూడా మైదానం మానలేదు. ఆ డైరెక్టరు కూడా అక్కడే ఆడతాడు మరి.

ఆయన పోయింది కూడా ఒక ఆదివారమే. తెల్లప్యాంటు వేసుకుని, ఒక బూటు తొడుక్కుని, కాఫీ కోసం కుర్చీలో కూర్చున్నారట. పిన్నిగారు కాఫీ తెచ్చేసరికి అంతే. నేను మా సందు మొదట్లో హారను కోసం నిలబడి ఉన్నాను. యాదగిరి సంచీతో మైదానంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఒకేసారి ఆయన ఫోనుకి చేస్తున్నాం. తరవాత అతను ఇంటికొచ్చి, వరండాలో నా పక్కన కూర్చుని, "ఒకసారి అబద్ధమైంది గదా సారూ, ఇది గూడ గట్లనే అనుకున్న" అని ఏడ్చాడు. హాల్లో ఫోటోకి దండ వెయ్యబోతే పిన్నిగారు వెయ్యనివ్వలేదు. "చూసి చూసి విసిగిపోయాను. మా ఇంట్లో వద్దు" అన్నారు.

పన్నెండో రోజు అయిన మర్నాడు డైరెక్టరు పిలిచాడు. మంచివాడే. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. "సార్, సెకండాఫ్‌లో తాత ఎక్కడికెళ్ళాడని ఆడియెన్స్ అడుగుతారు. ఇంటర్వెల్‌కి ముందు పోయినట్టు ఒక చిన్న సీన్ పడేద్దాం. చూపించక్కర్లేదు. ఫోటోకి దండ, కోడలు దీపం పెడుతుంది, అంతే" అన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పులేదు, అతని సినిమా పూర్తికావాలి. నేను ఇంటికి వచ్చి రాశాను. అరపేజీ. అలాంటి సీను నా చేతికి కొత్త కాదు, త్వరగానే అయిపోయింది. అయిపోయాక టేబుల్ మీద తలపెట్టుకుని చాలాసేపు ఉన్నాను. ఆయన నన్ను అడిగింది ఒక్కటే. ఆ ఒక్కటీ నాచేతుల మీదుగానే పోయింది.

షూటింగ్ ఫిల్మ్ నగర్‌లో, స్టూడియో ఫ్లోరులో. ఫోటో కొత్తగా చేయించాల్సిన పని పడలేదు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ గోడౌనులో ఆయన ఫోటోలు రకరకాల సైజుల్లో ఉన్నాయి, ఫ్రేములతో సహా. ఒకటి తుడిచి గోడకి కొట్టారు. దండ వేశారు. కోడలు వేషం వేసిన అమ్మాయి దీపం పెట్టింది. రెండో టేకుకే ఓకే అయింది. గుమ్మడికాయ తెమ్మని ఎవరో కేకేశారు.

"ఆగండి. నవ్వు తీయాలి" అన్నాను.

అసిస్టెంటు కుర్రాడు అయోమయంగా చూశాడు. "ఎవరి నవ్వు సార్? ఆర్టిస్ట్ లేరు కదా. ఫోటోనేగా." కెమెరామన్ పాతాయన, జుట్టంతా నెరిసినవాడు. బాబాయ్ గారి నవ్వులు ఎన్ని తీశాడో. అతనికి అర్థమైంది. "లైట్లు ఉంచండ్రా" అన్నాడు.

నేను ఫోను తీశాను. మూడో టేకు అందరి దగ్గరా ఉంది. అందులో ఆయన మేనేజర్ల కోసం నడిచారు. ఇప్పుడు ఆ కాలు చూసి కాల్షీటు కొట్టేసేవాళ్ళు ఎవరూ లేరు. వెతికి మొదటి టేకు పెట్టి, సౌండు పెంచి, ఫోటో పక్కన ఫోను ఎత్తి పట్టుకున్నాను. కెమెరామన్ అక్కడినుంచే జూమ్ చేశాడు.

చిన్న తెరమీద కోట గోడ. బురుజు కిందనుంచి ఆయన వస్తున్నారు. పల్లంలో మోకాలు లొంగింది. గోడకి చెయ్యి వేశారు. ఎవరికీ కనబడనివ్వని ఆ కుంటు, ఫ్లోరులో ఉన్న వాళ్ళందరూ మొదటిసారి చూశారు. మెల్లగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ మా ముందుకి వచ్చి, తలెత్తి, నవ్వారు.

"కుంటానా?" అన్నారు.

వీడియో అక్కడితో ఆగిపోయింది.  కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

"లేదు బాబాయ్ గారూ" అన్నాను. "షాట్ ఓకే."